ఐరన్ సూపర్‌కండక్టర్‌లో (ఇనుము ఉండి, బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా కరెంటు పారే పదార్థం) ఎనర్జీ గ్యాప్ (ఎలక్ట్రాన్ జంటలు విడిపోకుండా ఆపే శక్తి అంతరం) పాయింట్ కాంటాక్ట్ పద్ధతిలో కొలిచే ముందు జాగ్రత్తలు

– స్ఫటికాన్ని కొలతకు కాస్త ముందే చీల్చండి. గాలి తగిలి పైపొర పాడైతే మీరు కొలిచేది ఆ పొరనే. ఆర్సెనిక్ ఉన్న నమూనాకు గ్లోవ్స్ తప్పనిసరి.

– అన్నిటికన్నా ముఖ్యం కాంటాక్ట్ (నమూనాకు లోహం తగిలే చిన్న చోటు) సైజు. అది ఎలక్ట్రాన్ సగటు స్వేచ్ఛాపథం (ఢీకొనకుండా సాగే సగటు దూరం) కంటే చిన్నదిగా ఉండాలి. పెద్దదైతే కాంటాక్ట్ వేడెక్కి కండక్టెన్స్ (కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే కొలత) గ్రాఫ్‌లో గుంటలు పడతాయి; వాటిని గ్యాప్ అనుకోకండి. సూదితో నొక్కినా, వెండి పేస్టు చుక్క పెట్టినా పరీక్ష ఒకటే: ఎక్కువ వోల్టేజి దగ్గర కండక్టెన్స్ ఉష్ణోగ్రతతో మారకూడదు. మారుతుంటే ఆ కాంటాక్ట్ వదిలేయడమే మేలు.

– నాలుగు వైర్లతోనే కొలవండి.

– రీడింగులు క్రిటికల్ ఉష్ణోగ్రత (సూపర్‌కండక్టర్ మామూలు నార్మల్ స్థితికి మారే ఉష్ణోగ్రత) దాటేదాకా తీయండి. నార్మల్ స్థితి గ్రాఫ్‌తో భాగించాకే 1982 నాటి బీటీకే మోడల్‌తో (బ్లాండర్, టింకమ్, క్లాప్‌విక్‌లది; ఇలాంటి కాంటాక్ట్‌లో కరెంటు ఎలా పారుతుందో చెప్పేది) ఫిట్ చేయండి. ఈ పదార్థాల్లో తరచూ ఒకటికి మించి గ్యాప్‌లు ఉంటాయి.