అమెరికా డిగ్రీకి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) పరీక్షల క్రెడిట్: ఇంటర్ పిల్లలు ఎలా దరఖాస్తు చేసుకోవాలి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు ఎంపీసీ పిల్లల్ని అమెరికాలో డిగ్రీకి పంపాలనుకునే ఇళ్లలో అందరూ అడిగేది ఒకటే, ఇక్కడ చదివిన లెక్కలు, ఫిజిక్స్ అక్కడ కలిసొస్తాయా అని. ఇంటర్ మార్కులకు మామూలుగా క్రెడిట్, అంటే ఆ కోర్సు అక్కడ చదివినట్టే లెక్క, రాదు, ఎందుకంటే అక్కడివాళ్లు ఇంటర్‌ని హైస్కూల్ చదువుగానే చూస్తారు. క్రెడిట్ వచ్చేది కాలేజ్ బోర్డ్ అనే అమెరికా సంస్థ పెట్టే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే ఏపీ పరీక్షలకి. కేంబ్రిడ్జ్ ఏ లెవెల్, ఐబీ (ఇంటర్నేషనల్ బకలారియేట్) హయ్యర్ లెవెల్ సబ్జెక్టులకీ చాలా చోట్ల ఇస్తారు గానీ, ఇంటర్ చదువుతూ రాయడానికి వీలుగా ఉండేది ఏపీయే.

ఫీజు కట్టకముందే మీరు అనుకుంటున్న యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఏపీ క్రెడిట్ పాలసీ చదవండి. దీన్ని దాటేసే వాళ్లే ఎక్కువ, నష్టపోయేదీ ఇక్కడే. స్కోరు 1 నుంచి 5 వరకు ఉంటుంది, కొన్ని చోట్ల 3కే క్రెడిట్ ఇస్తారు, కొన్ని చోట్ల 5 తప్పదు. ఎంఐటీ క్యాలిక్యులస్ బీసీ అనే పై స్థాయి ఏపీ లెక్కల పరీక్షలో 5 వస్తే మొదటి క్యాలిక్యులస్ కోర్సుకి క్రెడిట్ ఇస్తుంది, కాల్‌టెక్ అసలు ఏపీకి క్రెడిట్ ఇవ్వదు. ఒకే యూనివర్సిటీలో ఇంజినీరింగ్ వాళ్లకో రూలు, మిగతా వాళ్లకో రూలు ఉండొచ్చు, కాబట్టి మీ బ్రాంచి పేజీ కూడా తెరిచి చూడండి.

పరీక్షలు మే మొదటి రెండు వారాల్లో జరుగుతాయి, కానీ పేరు ఇచ్చుకోవాల్సింది అంతకుముందు నవంబర్ మధ్యలోపే. సార్వా కోతలు మొదలయ్యేలోపు ఈ పని అయిపోవాలి అని గుర్తుపెట్టుకోండి. కాలేజ్ బోర్డ్ వెబ్‌సైట్‌లో నేరుగా సీటు దొరకదు. బయటి విద్యార్థుల్ని తీసుకునే స్కూలో సెంటరో వెతికి, అక్కడి ఏపీ కోఆర్డినేటర్ ఇచ్చే జాయిన్ కోడ్‌ని మీ అకౌంట్‌లో నమోదు చేసి, ఫీజు వాళ్లకే కట్టాలి. హైదరాబాద్ లాంటి పెద్ద ఊరు వెళ్లాల్సి రావచ్చు, ప్రయాణం ఖర్చూ కలిపి లెక్కేసుకోండి. పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయండి, ఇంటిపేరు తారుమారైతే తర్వాత స్కోరు అప్లికేషన్‌తో కలవక టెన్షన్.

సబ్జెక్టుల సంగతి కాస్త ఆలోచించి తేల్చుకోండి. ఇంటర్ లెక్కల్లో డిఫరెన్సియేషన్, ఇంటిగ్రేషన్ బాగానే వస్తాయి కాబట్టి బీసీ కంటే తేలికైన క్యాలిక్యులస్ ఏబీ అందుతుంది, బీసీకి మాత్రం సిరీస్‌లు విడిగా చదువుకోవాలి. క్యాలిక్యులస్ వాడే ఫిజిక్స్ సీలో మెకానిక్స్‌కి ఒక పరీక్ష, ఎలక్ట్రిసిటీ, మాగ్నెటిజంకి ఇంకొకటి. మే నెలలో ఎంసెట్ కూడా ఉంటుంది, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారే అదే, అందుకని రెండు సబ్జెక్టులకు మించి పెట్టుకోవద్దనే నా గట్టి అభిప్రాయం.

స్కోరు జులైలో వస్తుంది. జూన్ 20లోపు ఒక యూనివర్సిటీ పేరు ఇస్తే ఉచితంగా పంపుతారు, తర్వాతైతే డబ్బు కట్టాలి. జిరాక్స్ పంపితే చెల్లదు, కాలేజ్ బోర్డ్ నుంచే నేరుగా వెళ్లాలి. సీటు వచ్చాక స్టూడెంట్ పోర్టల్‌లో క్రెడిట్ పడిందో లేదో చూసుకోండి, పడకపోతే రిజిస్ట్రార్ ఆఫీసుకి మెయిల్ పెట్టండి. అడ్వైజర్‌తో మాట్లాడకుండా అదే కోర్సులో మళ్లీ చేరితే చాలా చోట్ల ఆ క్రెడిట్ పోతుంది. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు క్రెడిట్ ఎంత కలిసొచ్చినా సెమిస్టర్‌కి మామూలుగా కనీసం 12 క్రెడిట్ల కోర్సులు తీసుకోవాలి, అది కూడా చూసుకునే టైమ్‌టేబుల్ వేసుకోండి.