కాలేజ్ అలమ్నై (పాత స్టూడెంట్స్) అంతా కూర్చుని అమెరికా ప్రెసిడెంట్ ఎలక్షన్ గురించి మాట్లాడుకోవాలంటే ఎలా చెయ్యాలి?

నేను అట్లాంటాలో ఉంటాను. ఇక్కడే మాస్టర్స్ చేసిన బ్యాచ్‌ల వాళ్ళం కలిసి 2024 ఎలక్షన్ ముందు ఒక గెట్ టుగెదర్ పెట్టాం, అన్ని దేశాల వాళ్ళూ అన్ని రంగుల వాళ్ళూ ఉండాలని గొప్పగా అనుకున్నాం కానీ గంటసేపు మన దేశీలమే ట్యాక్సులు, వీసాలు అంటూ అరుచుకున్నాం. ఒక నల్లజాతి సీనియర్ ఆవిడ తినే ప్లేట్ పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయారు, ఆవిడని ఒక్క మాట కూడా ఎవరూ అడగలేదు. ఆ తప్పు నాదే, పిలిచింది నేనే కాబట్టి. రెండోసారి ఎలా చేశామో చెప్తాను, 2028 నవంబర్ 7న మళ్ళీ ఎలక్షన్ కదా, ఎవరికైనా పనికొస్తుంది.

1. పిలిచేటప్పుడే ఆలోచించండి

15, 20 మంది చాలు. ఒక్కో కమ్యూనిటీ నుంచి ఒక్కరినే పిలవొద్దు, కనీసం ఇద్దరుండాలి. ఒక్కరే ఉంటే "మీ వాళ్ళు ఎవరికి వేస్తారు?" అని అందరూ ఆ మనిషినే అడుగుతారు, పాపం తన మాట చెప్పుకోవడానికి వచ్చిన మనిషి జాతి మొత్తానికీ జవాబు చెప్పాల్సొస్తుంది. ఇద్దరుంటే వాళ్ళిద్దరికే పడకపోవచ్చు, అది అందరూ చూడటం చాలా మంచిది.

2. యూనివర్సిటీ పేరు వాడితే జాగ్రత్త

యూనివర్సిటీలు, అలమ్నై సంఘాలు ఎక్కువగా 501(సి)(3) కింద ట్యాక్స్ మినహాయింపు ఉన్నవి, అవి ఏ క్యాండిడేట్‌కీ మద్దతివ్వకూడదు, ఎవరికీ వ్యతిరేకంగా ప్రచారం చెయ్యకూడదు, 1954 నుంచి ఉన్న రూల్ ఇది. ఎలక్షన్ గురించి చర్చించుకోవచ్చు. క్యాండిడేట్ల ప్రచారం టోపీలు, బోర్డులు, చందాలు మాత్రం ఆ హాల్లో వద్దు.

3. అందరికీ ఓటుందని అనుకోవద్దు

ఎఫ్1 (స్టూడెంట్ వీసా), హెచ్1బి (ఉద్యోగం వీసా), గ్రీన్ కార్డ్, వీళ్ళెవరికీ ప్రెసిడెంట్ ఎలక్షన్‌లో ఓటు లేదు. గ్రీన్ కార్డ్ ఉంటే చందా ఇవ్వచ్చు, వీసా మీద ఉంటే అది కూడా కుదరదు. అందుకే రిజిస్ట్రేషన్ ఫారాలు టేబుల్ చుట్టూ తిప్పకండి, సిటిజన్ కానివాళ్ళు తెలియక సంతకం పెట్టినా దేశం నుంచి పంపించేసే దాకా వెళ్ళొచ్చు. సిటిజన్స్‌కి విడిగా ఇవ్వండి.

4. మొదటి ప్రశ్న "ఎవరికి వేస్తావ్" కాకూడదు

"మీ ఇంట్లో మొదట ఓటు ఎవరికొచ్చింది, ఎప్పుడు?" అని అడగండి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. నాకైతే మొత్తం సాయంత్రంలో ఇదే ముఖ్యం అనిపించింది. మా సీనియర్ ఆవిడ వాళ్ళమ్మ గురించి చెప్పారు, సౌత్ జార్జియాలో నల్లజాతి వాళ్ళని ఓటెయ్యకుండా ఆపడాన్ని నిషేధించిన 1965 ఓటింగ్ రైట్స్ యాక్ట్ వచ్చాకే ఆమె పేరు ఓటర్ల లిస్టులో ఎక్కిందట, నల్లజాతి మగవాళ్ళకి 1870లోనే, ఆడవాళ్ళందరికీ 1920లోనే కాగితం మీద ఓటు హక్కు వచ్చినా సరే. మాతో ఉన్న సర్దార్జీ ఒకాయన భగత్ సింగ్ థింద్ కేసు చెప్పారు, అమెరికా ఆర్మీలో పనిచేసిన మనిషికి "నువ్వు తెల్లవాడివి కాదు" అని 1923లో సుప్రీం కోర్టు సిటిజన్‌షిప్ లేదంది, మనవాళ్ళు సిటిజన్లయ్యే దారి 1946లో గానీ తెరుచుకోలేదు. ఇంకో సంగతి, 18 ఏళ్ళకే ఓటు మొదట ఇచ్చింది మా జార్జియానే, 1943లో. ఇవన్నీ విన్నాక అరవడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఇక మన తెలుగువాళ్ళుంటే జేడీ వాన్స్ భార్య ఉషా వాన్స్ పూర్వీకులది పశ్చిమ గోదావరి వడ్లూరు అని, కమలా హారిస్ వాళ్ళమ్మది తమిళనాడు అని మొదలవుతుంది, పది నిమిషాలు మాట్లాడుకోనివ్వండి, సంతోషమే కదా, తర్వాత ఆపండి.

5. బోర్డు మీద లెక్క వెయ్యండి

ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది అస్సలు అర్థం కాదు. ప్రెసిడెంట్‌ని తేల్చేది రాష్ట్రాల వారీగా పంచిన ఎలక్టోరల్ ఓట్లు, మొత్తం 538, 270 వస్తే గెలుపు. జార్జియాకి 16, ఒక్క ఓటు ఎక్కువొచ్చినా 16 మొత్తం వాళ్ళకే, మెయిన్, నెబ్రాస్కా రాష్ట్రాల్లో మాత్రం కొన్ని నియోజకవర్గాల వారీగా పోతాయి. 2016లో హిల్లరీ క్లింటన్‌కి దేశం మొత్తం మీద 28 లక్షలకి పైగా ఓట్లు ఎక్కువొచ్చినా ఓడిపోయారు. 2020లో జార్జియాలో బైడెన్‌కీ ట్రంప్‌కీ తేడా 11,779 ఓట్లు. ఈ నంబర్ రాసి కాసేపు అలాగే ఉంచండి, అట్లాంటా చుట్టుపక్కల మనవాళ్ళుండే ఆల్ఫరెటా, కమ్మింగ్ అపార్ట్‌మెంట్లు తలుచుకుంటే ఎంత చిన్న నంబరో తెలుస్తుంది.

6. అప్పుడు వాదించుకోండి

రెండే టాపిక్స్ పెట్టుకోండి, ముందే అందరినీ అడిగి. ఎదుటివాళ్ళు చెప్పింది మళ్ళీ మన మాటల్లో చెప్పి, "ఇదేనా మీరన్నది?" అని అడిగి, వాళ్ళు అవునన్నాకే మన వాదన. మోడరేటర్ ఆ రోజు తన అభిప్రాయం చెప్పకూడదు. గొంతు లేస్తే టీ బ్రేక్. భోజనంలో వెజ్, హలాల్ విడివిడిగా పేర్లు రాసి పెట్టండి.

7. మర్నాడు ఫోన్ చెయ్యండి

తక్కువ మాట్లాడినవాళ్ళకి ముందు చెయ్యండి, ఏం ఇబ్బందయిందో అడగండి. మా సీనియర్ ఆవిడ రెండోసారి వచ్చింది కూడా నేను ఫోన్ చేసి క్షమించమని అడిగాకే. గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకుంటే వచ్చేవారు కాదు.