పసిబిడ్డ ఉన్న ఇంట్లో వ్యాయామం: ఎక్కడ ఆగింది, ఎలా కదిలించాలి

పసిబిడ్డ ఉన్న ఇంట్లో వ్యాయామం మీద విసుగు పుట్టగానే చేయి ఫోను మీదికి పోతుంది. డంబెల్స్ ఎంత, మంచి మ్యాట్ ఎంత, ఫలానా యాప్‌కు నెలకు ఎంత అని వెతుకుతాం. డైపర్లు, టీకాలు, డాక్టరు ఫీజులతో జేబు ఖాళీ అవుతున్న రోజుల్లో ఇది అక్కరలేని ఖర్చు. "రోజూ ఇదే చేస్తున్నాం, ఏదైనా కొత్తది కావాలి" అనే మాట వెనుక అసలు కారణం చాలాసార్లు వేరే ఉంటుంది. బరువు చాలకపోవచ్చు, నిద్ర చాలకపోవచ్చు, ఒంట్లో సగం కండరాలకు పనే తగలకపోవచ్చు. ఏది పాతబడిందో తేల్చుకున్నాకే మార్పు సంగతి.

సమస్య: గుంజీలు ఎన్ని తీసినా ఏమీ అనిపించడం లేదు

కారణం: ఆ బరువుకూ ఆ వేగానికీ శరీరం అలవాటు పడింది. ఇరవై తీసేవారు నలభై తీస్తే ఓపిక పెరుగుతుంది, కానీ పట్టే సమయమూ రెట్టింపవుతుంది. మీ దగ్గర లేనిదే అది.

పరిష్కారం: సంఖ్య పెంచకుండా కష్టం పెంచండి. మొదట వేగం తగ్గించి చూడండి. మనసులో మూడు లెక్కపెడుతూ కిందికి దిగి, అక్కడే రెండు లెక్కపెట్టే దాకా ఆగి, అప్పుడు లేవండి. ఇరవై అలవోకగా తీసేవారికి కూడా పది దాటకముందే తొడలు వణుకుతాయి.

అదీ తేలికైతే ఒంటికాలికి మారండి. కుర్చీ అంచున కూర్చుని, ఒక కాలు ముందుకు చాచి, రెండో కాలి బలంతోనే పైకి లేవాలి. మొదటిసారి లేవలేకపోవడం మామూలే. కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచుకుని, అలవాటయ్యాక ఒక్కొక్కటే తీసేయండి.

ఆ తర్వాతే బరువు. పాత కాలేజీ బ్యాగులో కిలో కందిపప్పు ప్యాకెట్లు నాలుగు పెడితే నాలుగు కిలోలు. వాటిని తువ్వాలులో చుట్టి, వీపుకు ఆనుకునేలా బ్యాగు పైభాగంలో ఇరికించండి. అడుగున పడి ఊగులాడితే నడుము పట్టేస్తుంది. రెండు లీటర్ల సీసాలో పొడి ఇసుక నింపితే మూడు కిలోల దాకా తూగుతుంది. నెలాఖరుకు పప్పు వంటింటికి వెళ్లిపోతుంది కాబట్టి దీనికి అయిన ఖర్చేమీ లేదు.

బిడ్డనే బరువుగా వాడుకోవచ్చా? మెడ నిలిచాక, గుండెకు గట్టిగా హత్తుకుని నెమ్మదిగా గుంజీలు తీయవచ్చు. పుట్టినప్పటి బరువు అయిదు నెలలకు సుమారు రెట్టింపు, ఏడాదికి మూడింతలు అవుతుంది గనుక బరువు పెంచే బాధ్యత బిడ్డే చూసుకుంటుంది. ఎత్తుకుని గెంతడం, పరుగెత్తడం, పైకి ఎగరేసి పట్టుకోవడం మాత్రం వద్దే వద్దు. నిద్ర లేక తూలుతున్న రోజున పప్పు బ్యాగే మేలు.

సమస్య: అయిదు నిమిషాలకే బిడ్డ లేస్తుంది

కారణం: అరగంట ఏకబిగిన చేస్తేనే వ్యాయామం అనుకోవడం. ఒక్కోసారి కనీసం పది నిమిషాలైనా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకప్పుడు చెప్పేది. 2020లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో ఆ నిబంధన తీసేసింది. పెద్దలకు వారం మొత్తం మీద ఓ మోస్తరు శ్రమ 150 నుంచి 300 నిమిషాలు, కండరాలకు బలమిచ్చే వ్యాయామం కనీసం రెండు రోజులు ఉండాలంటుంది. ఎన్ని ముక్కలుగా చేశారన్నది లెక్కలోకి రాదు.

పరిష్కారం: ఇంటి పనికి వ్యాయామాన్ని ముడిపెట్టండి. పాల సీసాలు మరుగుతున్నంతసేపు వంటింటి గట్టుకు చేతులు ఆనించి దండాలు తీయవచ్చు. డైపరు మార్చాక చేతులు కడుక్కుని గుంజీలు. ఇంకా పాకని పిల్లలను మెలకువగా ఉన్నప్పుడు, రోజు మొత్తంలో కనీసం అరగంట బోర్లా పడుకోబెట్టాలని చెబుతారు కదా, ఆ సమయంలో మీరూ ఎదురుగా బోర్లా పడుకుని, మోచేతులూ కాలివేళ్లూ మాత్రమే నేలకు ఆనించి ఒంటిని తిన్నగా పైకెత్తి ఉంచండి, దీన్నే ప్లాంక్ అంటారు. మీ మొహం చూడటానికి బిడ్డ తల ఎత్తుతుంది, మీకు కడుపు కండరాలు బిగుస్తాయి. వారం తిరగగానే జోడీలు మార్చేయండి. సీసాల దగ్గర గుంజీలు, డైపరు తర్వాత దండాలు. చేసేవి అవే అయినా రోజు వేరుగా ఉంటుంది.

ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే నూనె రాసి, కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసే వేళ మీదే. ఆ సమయాన్ని ఫోనుకు ధారపోయకండి. ఇద్దరే ఉంటే ఆలుమగలు వంతులు వేసుకోవాలి. కలిసి చేయాలని పట్టుబడితే ఇద్దరిదీ సాగదు.

సమస్య: దండాలు, గుంజీలు మానలేదు, అయినా వీపు, మెడ లాగేస్తున్నాయి

కారణం: పాలు పట్టడం, ఎత్తుకోవడం, ఉయ్యాల మీదికి వంగడం అన్నీ భుజాలను ముందుకు గుంజే పనులే. దానికి తోడు వ్యాయామంలోనూ నెట్టే పనే ఉంది, లాగే పని లేదు. పరికరాలు లేని ఇంటి వ్యాయామాల్లో పెద్ద లోటు ఇదే. కొత్తదనం నిజంగా కావలసిన చోటు కూడా ఇదే.

పరిష్కారం: సైకిలు రిపేరు చేసే చోట పంక్చర్లు పడి పక్కన పారేసిన పాత ట్యూబు అడగండి. ఊరికే ఇచ్చినా ఇస్తారు. గాలి కొట్టే వాల్వు ఉన్న ముక్కను కత్తిరించి పారేసి, లోపలి తెల్ల పొడి పోయేలా సబ్బుతో కడిగి ఆరబెట్టండి. రెండు చేతులతో సాగదీసి వెలుతురులో చూడండి. వెంట్రుకంత పగులు కనిపించినా వాడకండి, తెగితే మొహానికి తగులుతుంది. కాళ్లు చాపి నేల మీద కూర్చుని, ట్యూబును పాదాల చుట్టూ తిప్పి, మోచేతులు పక్కటెముకలను రాసుకుంటూ వెనక్కి వెళ్లేలా లాగండి. చివర్లో రెండు రెక్కల ఎముకలూ దగ్గరకు రావాలి. అవి కదలకపోతే పని చేస్తున్నది చేతులే.

ట్యూబు దొరకకపోతే తువ్వాలు చాలు. ఒక కొసన పెద్ద ముడి వేసి, ముడిని తలుపు అవతలి వైపు ఉంచి, తలుపు మూసి గడియ పెట్టి, ఇవతలి కొసను పట్టుకుని వెనక్కి వాలి శరీరాన్ని తలుపు వైపు లాక్కోవాలి. తలుపు మీ వైపు తెరుచుకునేదైతే మాత్రం ఈ పని పెట్టుకోకండి.

సమస్య: బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర పోటు

కారణం: బొటనవేలు చాపి, చంకల కింద పట్టి బిడ్డను పదేపదే ఎత్తడం. పసిబిడ్డల తల్లుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది.

పరిష్కారం: ఒక అరచేతిని పిరుదుల కింద, రెండోది మెడ, వీపు కింద పెట్టి చేటతో ఎత్తినట్టు ఎత్తండి. దండాలు కొన్నాళ్లు పిడికిళ్ల మీద తీయండి, లేదా మానేయండి. నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

సమస్య: లేస్తుంటే కడుపు మధ్యలో గట్టులా ఉబ్బుతోంది, తుమ్మితే మూత్రం పడుతోంది

కారణం: కడుపుతో ఉన్నప్పుడు సాగిన కడుపు కండరాలు ఇంకా దగ్గరకు రాలేదు, కటి కింది కండరాలు బలహీనంగా ఉన్నాయి.

పరిష్కారం: పొట్ట తగ్గాలని సిట్‌అప్స్, తాడాట, గెంతులు మొదలుపెట్టకండి, ఉబ్బు కనిపిస్తుంటే ప్లాంక్ కూడా వద్దు. మూత్రాన్ని ఆపుకున్నట్టు కండరాలను బిగించి, అయిదు లెక్కపెట్టి వదిలే కెగెల్ వ్యాయామం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము ఎత్తడం, నడక చాలు. సిజేరియన్ అయినవారు డాక్టరు సరేనన్నాకే ఏదైనా చేయాలి. తగ్గిన రక్తస్రావం వ్యాయామం తర్వాత మళ్లీ ఎర్రగా పెరిగితే ఆపి, డాక్టరును అడగండి. వ్యాయామం చేస్తే పాలు తగ్గిపోతాయని పెద్దవాళ్లు భయపెడతారు. ఓ మోస్తరు వ్యాయామంతో పాలు తగ్గవు. పాలిచ్చాక చేస్తే రొమ్ములు తేలికగా ఉంటాయి, అంతే తేడా.

సమస్య: ఏం మార్చినా రెండు రోజులకే విసుగు

కారణం: నిద్ర. రాత్రి నాలుగుసార్లు లేచినవారికి ఏ వ్యాయామమైనా చప్పగానే ఉంటుంది.

పరిష్కారం: అలాంటి రోజు బిడ్డను ఎత్తుకుని డాబా మీద నడవండి, లేదా బిడ్డ నిద్రపోయినప్పుడు మీరూ నిద్రపోండి.

సమస్య: ఏదో ఒకటి కొనకపోతే ఊపు రావడం లేదు

కొనండి, ఒక్కటి. రబ్బరు బ్యాండు కొన్ని వందల్లో వస్తుంది, సొరుగులో పడుతుంది, బిడ్డ కాలి మీద పడినా దెబ్బ తగలదు. ఇనుప డంబెల్స్ విషయం బిడ్డ పాకడం మొదలుపెట్టాక ఆలోచించండి. అప్పటికి వాటిని ఏ ఎత్తులో దాచాలో మీకే తెలుస్తుంది.