మొటిమలకు అసలు కారణం ఎలా తెలుసుకోవాలి?

చెంప మీద కొత్త మొటిమ కనబడగానే ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెబుతారు. మామిడిపళ్ళు తిని వేడి చేసిందని అమ్మమ్మ, ముఖం సరిగ్గా కడుక్కోవడం లేదని నాన్న, రక్తం చెడిపోయిందని పక్కింటివారు, పెళ్ళయితే అవే పోతాయని మరొకరు అంటారు. ప్రేమతో అన్న మాటలే అయినా, మొటిమలు రావడం తమ తప్పేనన్న భావన వీటివల్ల పిల్లల మనసులో నాటుకుంటుంది. పైగా సరైన చికిత్స ఆలస్యమై, తప్పించుకోగలిగిన గుంటలు కూడా ముఖం మీద మిగిలిపోతాయి. అందువల్ల కారణాన్ని ఊహించకుండా, కింది క్రమంలో వెతకాలి.

1. ముందు మొటిమ వయసు లెక్కపెట్టండి

చర్మంలోని వెంట్రుక కుదురును ఆనుకొని నూనె గ్రంథి ఉంటుంది. యుక్తవయసు మొదలయ్యేటప్పుడు మగపిల్లల్లోనే కాక ఆడపిల్లల్లోనూ ఆండ్రోజన్ అనే హార్మోన్లు పెరిగి, ఆ గ్రంథి చేత ఎక్కువ నూనె స్రవింపజేస్తాయి. అదే సమయంలో కుదురు లోపలి గోడ నుంచి రాలే మృతకణాలు బయటికి పోలేక, ఒకదానికొకటి అంటుకొని దారిని మూసివేస్తాయి. అలా మూసుకుపోయిన చోట, అందరి చర్మం మీదా ఉండే క్యూటీబాక్టీరియం ఆక్నెస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. శరీరం చూపే ప్రతిస్పందన వల్ల వాపు, ఎరుపు, చీము ఏర్పడతాయి. తల్లిదండ్రులకు మొటిమలు ఎక్కువగా వచ్చి ఉంటే పిల్లలకూ వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఇక్కడ అందరూ మరిచిపోయేది కాలం. కంటికి కనబడని తొలి పూడిక మొటిమగా బయటపడటానికి సాధారణంగా కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు నెలల వరకూ పడుతుంది. ఎరుపు రాత్రికి రాత్రే వచ్చినట్టు కనిపించినా, దాని మూలం ఎన్నో రోజుల కిందటిది. కాబట్టి నిన్న రాత్రి తిన్న కోడికూర ఈ ఉదయం కనబడిన మొటిమకు మూలం కాదు. మన ఇళ్ళలో వినబడే అపోహల్లో చాలావరకు ఈ కాలపు లెక్క తప్పడం వల్ల పుట్టినవేనని నా అభిప్రాయం.

2. రెండు నెలల పట్టిక రాయండి

ఒక నోటు పుస్తకంలో వారానికి ఒకసారి ముఖం, వీపు, ఛాతీ మీద ఉన్న మొటిమల సంఖ్యను, కొత్తగా వాడిన క్రీములను, మందులను, స్త్రీలైతే నెలసరి తేదీలను రాసుకోండి. నెలసరికి ముందు వారంలో మొటిమలు ఎక్కువ కావడం చాలామందికి జరిగేదే. అయితే నెలసరి క్రమం తప్పడం, గడ్డం మీద అవాంఛిత రోమాలు పెరగడం కూడా ఉంటే పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉందేమో వైద్యులను అడగాలి. స్టెరాయిడ్లు, లిథియం, క్షయకు వాడే ఐసోనియాజిడ్ వంటి మందులూ మొటిమల వంటి పొక్కులకు కారణం కావచ్చు. అలాగని వాటిని సొంతంగా ఆపకూడదు.

3. ఆహారాన్ని ఒక్కొక్కటిగా పరీక్షించండి

చాక్లెట్‌కూ మొటిమలకూ సంబంధం లేదన్న మాటకు 1969లో అమెరికాలో 65 మందిపై జరిగిన ఒక అధ్యయనం చాలాకాలం ఆధారంగా నిలిచింది. అయితే అందులో పోలిక కోసం ఇచ్చిన బార్‌లో కూడా చక్కెర, కొవ్వు దాదాపు చాక్లెట్‌తో సమానంగానే ఉన్నాయని తరువాతి వారు ఎత్తిచూపారు. 2007లో ఆస్ట్రేలియాలో 43 మంది యువకులపై జరిగిన 12 వారాల పరిశోధనలో, రక్తంలో చక్కెరను వేగంగా పెంచని ఆహారం తిన్నవారికి మొటిమలు ఎక్కువగా తగ్గాయి. అంటే ఆహారానికి అసలు పాత్రే లేదనడమూ సరికాదు. అనుమానించవలసినది కూల్‌డ్రింకులను, మిఠాయిలను, మైదా తినుబండారాలనే కానీ, వేరుశనగలనో గుడ్లనో కాదు. కొందరిలో పాలకు, జిమ్‌కు వెళ్ళేవారు తాగే వే ప్రోటీన్‌కు (పాల నుంచి తీసిన ప్రోటీన్ పొడికి) కూడా సంబంధం కనబడింది. అనుమానం ఉన్న ఒక్క పదార్థాన్ని మాత్రమే రెండు మూడు నెలలు తగ్గించి, పట్టికలో తేడా ఉందేమో చూడండి. ఎదిగే పిల్లలకు అన్నీ ఒకేసారి మాన్పించడం అన్యాయం.

4. కడగడం తగ్గించండి

బ్లాక్‌హెడ్ నలుపు మురికి వల్ల వచ్చింది కాదు. తెరుచుకున్న రంధ్రంలోని మెలనిన్ అనే చర్మపు రంగు పదార్థం వల్ల, గాలి తగిలి మార్పు చెందిన కొవ్వుల వల్ల ఆ రంగు వస్తుంది. కాబట్టి దానిని రుద్ది పోగొట్టలేము. రోజుకు రెండుసార్లు, చెమట పట్టినప్పుడు మరొకసారి, గాఢత తక్కువైన ఫేస్‌వాష్‌తో కడిగితే చాలు. నిమ్మరసం, టూత్‌పేస్టు, వంటసోడా చర్మాన్ని మండించి మచ్చలను నల్లగా మారుస్తాయి.

5. ముఖానికి రాసే ప్రతిదాని పేరూ చదవండి

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది ఇక్కడే. తలకు రాసిన కొబ్బరినూనె నుదుటి మీదికి జారి రంధ్రాలను మూసివేయవచ్చు. నుదురు, కణతల దగ్గర మాత్రమే చిన్న పొక్కులు ఉంటే ముందు దానిని అనుమానించండి. అంతకంటే ప్రమాదకరమైనవి తెల్లబరుస్తాయని చెప్పి అమ్మే క్రీములు. వాటిలో కొన్నింటిలో బీటామెథాసోన్, క్లోబెటసాల్, మోమెటాసోన్ వంటి స్టెరాయిడ్లు ఉంటాయి. మొదటి వారాల్లో ఎరుపు తగ్గి ముఖం నున్నగా కనబడుతుంది, తరువాత చర్మం పలుచబడి, కొత్త మొటిమలు వచ్చి, క్రీము మానితే మంట రేగుతుంది. ఇటువంటి 14 స్టెరాయిడ్ పూతమందులను వైద్యుల చీటీ లేకుండా అమ్మకూడదని భారత ప్రభుత్వం 2018లో నిబంధన తెచ్చింది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు ఇంట్లో ఉంటే, ఈ రోజే దాని మీది చిన్న అక్షరాలు చదవండి. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవారు ఒక్కసారిగా ఆపకుండా, వైద్యుల సలహాతో మానుకోవాలి.

6. అది మొటిమేనా అని చూడండి

నుదుటి మీద, ఛాతీ మీద ఒకే పరిమాణంలో, దురదతో వచ్చే పొక్కులు మలసీజియా అనే ఈస్టు (ఒక రకం శిలీంధ్రం) వల్ల వచ్చినవి కావచ్చు. మొటిమలకు వాడే యాంటీబయాటిక్‌తో అవి తగ్గకపోగా పెరగవచ్చు.

7. మందుకు గడువు ఇవ్వండి

చర్మవైద్యులు మొదట సూచించే పూతమందుల్లో 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్, 0.1 శాతం అడాపలీన్ ముఖ్యమైనవి. బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలితే తువ్వాళ్ళ రంగు పోతుంది. అడాపలీన్‌ను గర్భిణులు వాడకూడదు. పూడిక ఏర్పడటానికి వారాలు పట్టినట్లే, అది తగ్గటానికీ ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. పది రోజులకే పని చేయలేదని మందు మార్చకండి. లోతైన, నొప్పి పెట్టే గడ్డలు వచ్చినా, గుంటలు పడుతున్నా, ముఖం చూపించలేక పిల్లలు బయటికి వెళ్ళడం మానేసినా ఆ గడువు కోసం ఎదురుచూడకుండా చర్మవ్యాధి నిపుణులను కలవండి. వెళ్ళేటప్పుడు రెండు నెలల పట్టికతో పాటు, ఇంతవరకు రాసిన ట్యూబులన్నింటినీ ఒక సంచిలో వేసి తీసుకువెళ్ళండి.