సర్ది, దగ్గు, జ్వరం: మందుల షాపులో ఏం అడగాలి, ఏం ఇవ్వాలి

ఫ్లూ వానాకాలంలో ఒకసారి, సంక్రాంతి ముందూ వెనకా ఇంకోసారి ఊపందుకుంటుంది. ఆ రోజుల్లో నల్లగొండైనా, మిర్యాలగూడైనా, పాలమూరైనా జనం ముందు వచ్చేది మందుల షాపుకే. "అన్నా, సర్ది అయింది, మంచి గోలీలియ్యి" అనగానే ర్యాకు మీద చెయ్యి వేయకండి. మందు ఎవరికి, వయసెంత, ఎన్ని రోజులైంది, ఇప్పటికే ఏం మింగుతున్నారు అని అడగండి.

చివరి ప్రశ్న వదిలేస్తేనే ఎక్కువ నష్టం. సర్ది గోలీల్లో చాలావాటిలో పారాసెటమాల్ 500 మి.గ్రా. ఉంటుంది. జ్వరానికని విడిగా 650 ఇస్తే, రెండూ నాలుగుసార్లు మింగినవాళ్లకు రోజుకు 4,600 మి.గ్రా. పడుతుంది. పెద్దవాళ్లకు హద్దు 4,000. రోజూ తాగే అలవాటున్నవాళ్ల కాలేయం అంత కూడా తట్టుకోదు. సర్ది గోలీల్లోని ఫినైలెఫ్రిన్ బీపీ పెంచుతుంది, క్లోర్‌ఫెనిరమిన్ ప్రోస్టేట్ వాపు ఉన్న ముసలాయనకు మూత్రం ఆపేయగలదు. మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ కీళ్లనొప్పులకు డైక్లోఫెనాక్ మింగుతూనే ఉండే పెద్దలున్నారు. వాళ్లకు ఐబుప్రోఫెన్ కలిసిన జ్వరం గోలీ ఇస్తే కడుపులో పుండు, కిడ్నీలకు దెబ్బ. పైగా వానాకాలం జ్వరం డెంగీ కావచ్చు, అప్పుడు ఈ రెండు మందులతో రక్తస్రావం ముప్పు. పారాసెటమాల్ ఒక్కటే ఇవ్వండి.

పిల్లల దగ్గర వయసు కాదు, బరువు చూడాలి. షాపులో తూకం మిషను ఉంచండి. పారాసెటమాల్ డోసు కిలోకు 10 నుంచి 15 మి.గ్రా., ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లు మించొద్దు. పది కిలోల పిల్లకు 150 మి.గ్రా. అనుకుంటే, 5 మి.లీ.లో 125 ఉన్న సిరప్ 6 మి.లీ., 250 ఉన్నది 3 మి.లీ., మి.లీ.కి 100 ఉన్న డ్రాప్స్ 1.5 మి.లీ. మూడు సీసాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. డ్రాప్స్‌ను సిరప్ అనుకొని 5 మి.లీ. పోస్తే ఒక్క దెబ్బకు 500 మి.గ్రా. పడిపోతుంది. అందుకే సూది లేని సిరంజి ఇచ్చి, డోసు దగ్గర మార్కర్‌తో గీత గీసి, తల్లి చేత ఒకసారి నీళ్లు తీయించి చూడండి. వంటింటి చెంచా లెక్క నమ్మొద్దు.

రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, సర్ది సిరప్‌లు ఇవ్వొద్దని, ఐదేళ్లలోపు కూడా మామూలుగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్యశాఖ 2025 అక్టోబరులో చెప్పింది. మధ్యప్రదేశ్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసిన సిరప్‌తో పసిపిల్లలు చనిపోయాక వచ్చిన సూచన అది. ముక్కు మూసుకుపోతే పాలు పట్టేముందు సెలైన్ చుక్కలు చాలు. ఏడాది దాటితే పడుకునేముందు అర చెంచా తేనె ఇవ్వొచ్చు, ఏడాదిలోపు మాత్రం తేనె వద్దు. ఏ సిరప్ అమ్మినా బ్యాచ్ నంబరుతో బిల్లు ఇవ్వండి. వెనక్కి తెప్పించాల్సి వస్తే అదే ఆధారం.

ఇక "సెట్టు" గోలీలు. అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిపి కవర్లో కట్టే ఈ పద్ధతి మానాల్సిందే. వైరస్‌కు యాంటీబయాటిక్ పనిచేయదు. స్టెరాయిడ్ జ్వరాన్ని పైకి కనబడనీయదు, షుగర్ పెంచుతుంది. "అమ్మా, ఇది వైరస్ జ్వరం, ఆ గోలీతో తగ్గది. మూడు రోజులైనా జ్వరం దిగకపోతే డాక్టరుకు చూపియ్యండి" అని నిదానంగా చెబితే చాలామంది వింటారు. సెఫిక్సిమ్ లాంటి హెచ్1 మందులు (చట్టం ప్రత్యేక జాబితాలో పెట్టినవి) డాక్టరు చీటీ మీదే ఇచ్చి, డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి.

కొందరిని గోలీలిచ్చి పంపకూడదు. గర్భిణులు, 65 దాటినవాళ్లు, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్లకు ఫ్లూ లక్షణాలుంటే మొదటిరోజే డాక్టరు దగ్గరికి పంపండి. ఫ్లూ వైరస్ మందు ఒసెల్టమివిర్ 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. పిల్లల శ్వాస నిండు నిమిషం లెక్కపెట్టండి: రెండు నెలల్లోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40 తాకితే ఆసుపత్రికే. పెద్దవాళ్లకు ఆక్సీమీటరులో 94 కంటే తక్కువ వచ్చి ఆయాసం ఉంటే 108కు ఫోన్ చేయండి. గోరింటాకు, చల్లటి వేళ్లు రీడింగును తప్పుగా చూపిస్తాయి, వేలు మార్చి, రుద్ది మళ్లీ చూడండి. దగ్గు రెండు వారాలు దాటితే టీబీ ఉందేమో చూసేందుకు సర్కారు దవాఖానలో ఉచిత తెమడ పరీక్షకు పంపండి.

ఫ్లూ టీకా ఏడాదికోసారి, ఆరు నెలలు నిండినవాళ్ల నుంచి వేయించుకోవచ్చు. పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి వానలకు ముందే గుర్తుచేయండి. నిల్వ 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రిజ్ నడిమి అరలో. తలుపు అరలో పెట్టొద్దు, డీప్ ఫ్రీజరులో అసలే పెట్టొద్దు. ఒకసారి గడ్డకట్టిన టీకా కరిగాక మామూలుగానే కనిపించవచ్చు, అయినా దాన్ని పక్కన పడేయాల్సిందే.