మైక్రోవేవ్ ఓవెన్: సంగటి వేడెక్కకపోయినా, నిప్పురవ్వలు లేచినా ఏం చేయాలి?

మెకానిక్‌కు ఫోన్ చేసే ముందు ఇవి ఒకసారి చూసుకోండి. అనంతపురం ఇళ్లలో ఓవెన్ మొండికేసిందంటే చాలాసార్లు తప్పు గిన్నెదో కరెంటుదో అయి ఉంటుంది.

సంగటి ముద్ద అంచులు గట్టిపడ్డాయి, నడుమ చల్లగానే ఉంది

మైక్రోవేవ్ తరంగాల వేడి పదార్థంలో పైపైన రెండు మూడు సెంటీమీటర్ల వరకే బాగా పనిచేస్తుంది. అక్కడి నుంచి నడుమకు మెల్లగా పాకాలి. ఫుల్ పవర్‌లో పెడితే ఆ లోపే అంచుల్లో తడి ఆరిపోతుంది.

ముద్దను నాలుగైదు ముక్కలుగా విరిచి, పళ్లెం అంచు వెంబడి పేర్చి నడుమ ఖాళీ వదలండి. నీళ్లు చిలకరించి మూత వదులుగా పెట్టండి. పవర్ సగానికి తగ్గించి రెండు నిమిషాలు, ముక్కలు తిరగేసి ఇంకో నిమిషం. ఆగిన వెంటనే తీయకుండా ఒక నిమిషం మూతతోనే ఉంచితే మిగతా వేడి లోపలికి సర్దుకుంటుంది.

ఉగ్గాని కూడా ఇలాగే బాగా వేడెక్కుతుంది. పక్కనున్న బజ్జీ మాత్రం మెత్తబడిపోతుంది, దాన్ని పెనం మీద వేయడమే మేలు. ఓళిగలతో జాగ్రత్త: పైన గోరువెచ్చగా ఉన్నా లోపలి పూర్ణం నోరు కాల్చేస్తుంది. ఒక్కోదానికి 15 సెకన్లు చాలు, విరిచి చూశాకే పిల్లలకు ఇవ్వండి.

లైటు వెలుగుతోంది, పళ్లెం తిరుగుతోంది, వేడి మాత్రం లేదు

ముందు వోల్టేజీని అనుమానించండి. ఎండాకాలం రాత్రి వీధిలో ఏసీలన్నీ ఆన్ అయ్యాక వోల్టేజీ పడిపోతే, ఓవెన్ తిరుగుతుంది కానీ బలం ఉండదు. గాజు గ్లాసులో నీళ్లు పోసి, అందులో చెక్క గరిటె వేసి, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఫుల్ పవర్‌లో రెండు నిమిషాలు పెట్టి చూడండి. గరిటె లేకపోతే నీళ్లు కదలిక లేకుండా మరిగి, తీసేటప్పుడు ఒక్కసారిగా ఎగదన్నవచ్చు. పొద్దున పొగలు కక్కి, రాత్రి గోరువెచ్చగా మిగిలితే అది కరెంటు సమస్యే.

20 లీటర్ల ఓవెన్ ఆహారానికి 700–800 వాట్లు ఇచ్చినా, లైన్ నుంచి సుమారు 1200 వాట్లు లాగుతుంది. ఫ్రిజ్‌కు కొన్న చిన్న స్టెబిలైజర్ దీనికి చాలదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు, నేరుగా 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టండి.

రెండు పూటలా వేడి లేకపోతే తరంగాలు పుట్టించే మాగ్నెట్రానో, దానికి కరెంటు అందించే డయోడో, కెపాసిటరో పోయి ఉండొచ్చు. అప్పుడు మెకానిక్‌నే పిలవండి. ఫ్యాన్లూ మిక్సీలూ విప్పి బాగుచేసే బావమరిది ఇంట్లో ఉన్నా సరే, దీని కవర్ విప్పనివ్వకండి. ప్లగ్ తీసేసినా కెపాసిటర్‌లో సుమారు 2000 వోల్టులు నిల్వ ఉండొచ్చు, ప్రాణం తీయడానికి అది చాలు.

లోపల నిప్పురవ్వలు లేస్తున్నాయి

వెంటనే ఆపండి. స్టీలు చెంచా, రేకు, బంగారు అంచు కప్పు ఏదైనా ఉందా చూడండి. ఏదీ లేకపోతే లోపలి పక్క గోడకు అట్టముక్కలా ఉండే మైకా షీటును చూడండి. దాని మీద తాళింపు చిట్లి, జిడ్డు మాడి నల్లబడితే రవ్వలు అక్కడి నుంచే వస్తాయి. షీటు మార్చడం పెద్ద ఖర్చు కాదు. మార్చేదాకా ఓవెన్ వాడొద్దు.

మధ్యలో ఆగిపోతోంది

వంటగదే ఉడికిపోతుండగా ఓవెన్‌ను గోడకు ఆనించి, పైన పేపర్లు పెడితే వేడి బయటికి పోదు. లోపలి రక్షణ స్విచ్ మిషన్‌ను ఆపేస్తుంది. చుట్టూ జానెడు ఖాళీ వదిలి, చల్లారాక మళ్లీ పెట్టండి.

అసలు స్టార్టే కాకపోతే తలుపు అంచులో ఇరుక్కున్న మెతుకులు తుడవండి. తలుపు వంగినా, జాలీ చిరిగినా అద్దం పగిలినా మాత్రం, రిపేరు అయ్యేదాకా స్విచ్ వేయకండి.