సమామిష్‌లో ఇల్లు కొనేముందు ఊరిని చదవడం ఎలా

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్‌కు తూర్పున, సమామిష్ సరస్సు తూర్పు గట్టు మీద, ఉత్తరాన రెడ్మండ్‌కూ దక్షిణాన ఇసాక్వాకూ మధ్య పరుచుకున్న మెట్ట ప్రాంతమే సమామిష్ నగరం. 1999 ఆగస్టు 31న నగరంగా ఏర్పడింది. అంతకుముందు అది కింగ్ కౌంటీ నేరుగా పాలించిన శివారు మాత్రమే. 2010 జనగణనలో 45,780గా ఉన్న జనాభా 2020 నాటికి 67,455కు చేరింది. ఆ పెరుగుదలలో కొంత భాగం 2016 జనవరిలో క్లహానీ అనే పెద్ద కాలనీని నగరంలో కలుపుకోవడం వల్ల వచ్చింది. ఇక్కడి కుటుంబాలలో సగానికి పైగా ఏడాదికి రెండు లక్షల డాలర్లు దాటి సంపాదిస్తాయి. రెడ్మండ్‌లోని మైక్రోసాఫ్ట్‌లోనూ, దాని చుట్టుపక్కల కంపెనీలలోనూ పనిచేసే తెలుగువారు చాలామంది ఈ ఊరినే ఎంచుకుంటున్నారు.

కొత్తగా వచ్చే బంధుమిత్రులకు తోడుగా వెళ్ళి ఇళ్ళు చూసినప్పుడల్లా నాకు ఒకటే కనిపించింది: అందరూ ఊరి పేరు చూసి నిర్ణయం తీసుకుంటారు, చిరునామాను మాత్రం చదవరు. సమామిష్‌లో నగరం హద్దు ఒకటి, పాఠశాల జిల్లా హద్దు మరొకటి, మంచినీటి సంస్థ హద్దు ఇంకొకటి. ఒకే వీధికి అటూ ఇటూ ఉన్న రెండు ఇళ్ళకు బడి, నీటి బిల్లు, పన్ను వేరువేరుగా ఉండవచ్చు. అందువల్ల ఇల్లు నచ్చిన తరువాత కాదు, నచ్చకముందే ఆ చిరునామాకు సంబంధించిన ఈ సంగతులన్నీ ఒక కాగితం మీద రాసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

ముందు దారి చూడండి

సమామిష్ సరస్సు ఉత్తర దక్షిణాలుగా సుమారు ఏడు మైళ్ళ పొడవుంటుంది, దాని మీద వంతెన లేదు. పటం మీద చూస్తే ఆఫీసు అవతలి ఒడ్డున కూతవేటు దూరంలో ఉన్నట్టే ఉంటుంది. కానీ అక్కడికి చేరాలంటే సరస్సు ఉత్తరపు కొసను గానీ దక్షిణపు కొసను గానీ చుట్టి వెళ్ళాల్సిందే. ఉత్తరంగా వెళ్ళేవారు సహాలీ వే మీదుగానో ఇంగిల్‌వుడ్ హిల్ రోడ్డు మీదుగానో దిగి రెడ్మండ్ వైపు వెళ్ళి 520 హైవేను అందుకుంటారు. దక్షిణంగా వెళ్ళేవారు ఇసాక్వా-పైన్ లేక్ రోడ్డు గుండా దిగి ఐ-90 హైవేకు చేరతారు. ఊరికి వెన్నెముక వంటి 228వ అవెన్యూ ఈ రెండు కొసలనూ కలుపుతుంది. దానికి బదులుగా వాడుకోదగ్గ పెద్ద రోడ్డు మెట్ట మీద లేదు. ట్రాఫిక్‌ను మోసే శక్తి రోడ్లకు చాలడం లేదన్న కారణంతో నగరపాలక మండలి 2017లో కొత్త నిర్మాణాల దరఖాస్తులను కొంతకాలం నిలిపివేసిందంటే ఆ ఒత్తిడిని అర్థం చేసుకోవచ్చు.

కాబట్టి మీ ఇంట్లో ఉద్యోగం చేసే ప్రతి ఒక్కరూ సరస్సు ఏ కొసను చుట్టాలో ముందుగా తేల్చుకోండి. ఒకరు రెడ్మండ్‌లోనూ ఒకరు సియాటిల్‌లోనూ పనిచేస్తుంటే ఊరి నడిమధ్య ఇల్లు ఇద్దరికీ సరిపోతుందని అనుకోవడం సహజమే గాని, తరచుగా అది ఇద్దరికీ దూరమే అవుతుంది. ఆదివారం మధ్యాహ్నం ఓపెన్ హౌస్‌కు (అమ్మకానికున్న ఇంటిని అందరూ వచ్చి చూసే వేళకు) వెళ్ళినప్పుడు పట్టిన సమయాన్ని లెక్కలోకి తీసుకోకండి. బడులు తెరిచి ఉన్న వారంలో, మంగళవారమో బుధవారమో పొద్దున ఎనిమిదింటికి ఆ ఇంటి ముందు నుంచి బయలుదేరి ఆఫీసుకు వెళ్ళి, సాయంత్రం ఆఫీసు నుంచి తిరిగి అక్కడికే రండి. ఆ ఒక్క రోజు ఏజెంటు చెప్పలేని సంగతులు చాలా చెబుతుంది. సమామిష్‌లోకి రైలు రాలేదు. అయితే 2025 మే 10న లైట్ రైల్ 2 లైన్ రెడ్మండ్ డౌన్‌టౌన్ వరకు వచ్చింది. దారిలోని మేరీమూర్ విలేజ్ స్టేషన్ దగ్గర సుమారు 1,400 కార్లు నిలిపే గ్యారేజీ ఉంది. ఊరికి ఉత్తర భాగంలో ఉండేవారికి అది నిజంగా ఉపయోగపడుతుంది.

మంచు పడిన రోజుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పల్లం నుంచి మెట్ట మీదికి ఎక్కే రోడ్లన్నీ ఏటవాలుగానే ఉంటాయి, గడ్డకట్టిన రోజున వాటిలో కొన్నింటిని మూసివేస్తారు. మీ ఇంటి నుంచి కిందికి దిగే దారి ఒక్కటే ఉంటే, ఏడాదిలో కొన్ని రోజులు ఇంట్లోనే ఉండడానికి సిద్ధపడాలి.

బడి హద్దులు

బడుల విషయంలో నేను చూసినంత గందరగోళం మరెక్కడా చూడలేదు. నగరం ఉత్తర భాగం లేక్ వాషింగ్టన్ పాఠశాల జిల్లాలోకి, దక్షిణ భాగం ఇసాక్వా పాఠశాల జిల్లాలోకి వస్తాయి. ఉత్తర భాగంలో ఎక్కువమంది పిల్లలు ఈస్ట్‌లేక్ హైస్కూలుకు, దక్షిణాన స్కైలైన్ హైస్కూలుకు వెళతారు. ఈస్ట్‌లేక్‌లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) అనే కాలేజీ స్థాయి కోర్సులు, స్కైలైన్‌లో ఐబీ (ఇంటర్నేషనల్ బకలారియేట్) అనే అంతర్జాతీయ పాఠ్య కార్యక్రమం ఉన్నాయి. రెండూ మంచివే గాని పద్ధతి వేరు, కనుక పిల్లల స్వభావాన్ని బట్టి ఆలోచించాలి. లాటరీ ద్వారా ప్రవేశం ఇచ్చే టెస్లా స్టెమ్ హైస్కూలు లేక్ వాషింగ్టన్ జిల్లాకు చెందినది. దానిమీద ఆశ ఉన్న కుటుంబం తాను కొనే ఇల్లు ఏ జిల్లాలో ఉందో తప్పకుండా చూసుకోవాలి. ఇంకొక చిత్రం: సమామిష్ హైస్కూల్ అనే పేరుగల బడి సమామిష్‌లో లేదు, అది బెల్‌వ్యూ నగరంలో బెల్‌వ్యూ జిల్లా కింద ఉంది. పేరు చూసి ర్యాంకులు పోల్చుకుని పొరబడినవారిని నేను ఎరుగుదును.

ఇళ్ళ ప్రకటనల్లో రాసే బడి పేర్లను నమ్మి ఊరుకోకండి. రెండు జిల్లాల వెబ్‌సైట్లలోనూ చిరునామా ఇస్తే ప్రాథమిక, మిడిల్, హైస్కూలు మూడింటినీ చూపే సదుపాయం ఉంది. విద్యార్థుల సంఖ్యను బట్టి ఈ హద్దులను అప్పుడప్పుడు మారుస్తారు కనుక, మార్పు చర్చలో ఏమైనా ఉందా అని జిల్లా కార్యాలయానికి ఫోన్ చేసి అడగడం మంచిది. చిరునామా రాసుకునేటప్పుడు ఎన్‌ఈ, ఎస్‌ఈ అనే అక్షరాలను కూడా జాగ్రత్తగా చూడండి. 228వ అవెన్యూకు ఈశాన్యపు భాగం, ఆగ్నేయపు భాగం రెండూ ఉన్నాయి, అక్షరం మారితే ఇల్లు ఊరికి ఇటు కొసన ఉన్నదల్లా అటు కొసకు పోతుంది.

నీరు, నేల, చెట్లు

ఇక్కడ మంచినీరు, మురుగునీటి సేవలు నగరపాలక సంస్థ చేతిలో లేవు. వాటికి ప్రత్యేక సంస్థలు ఉన్నాయి. ఎక్కువ భాగానికి సమామిష్ ప్లేటో వాటర్, ఉత్తరాన కొంత భాగానికి నార్త్‌ఈస్ట్ సమామిష్ సంస్థ సేవలు అందిస్తాయి. పాత ఇళ్ళలో కొన్నింటికి ఇప్పటికీ మురుగు కాలువ లేదు, సెప్టిక్ ట్యాంకే ఉంది. కింగ్ కౌంటీ నిబంధనల ప్రకారం సెప్టిక్ ఉన్న ఇంటిని అమ్మేముందు దాన్ని తనిఖీ చేయించాలి. ఆ నివేదికను అడిగి తీసుకుని, డ్రైన్‌ఫీల్డ్ (ట్యాంకు నుంచి వచ్చే నీరు నేలలోకి ఇంకే చోటు) పెరట్లో ఎక్కడ ఉందో గుర్తించండి, ఎందుకంటే ఆ స్థలంలో మీరు గది కట్టలేరు, కారు నిలపలేరు. కొత్త ఇళ్ళకు మరొక ఖర్చు ఉంటుంది: 1990 తరువాత కౌంటీ మురుగు వ్యవస్థకు కలిపిన ఇంటిపై కెపాసిటీ ఛార్జీ అనే రుసుము 15 ఏళ్ళపాటు ఉంటుంది. మీరు చూస్తున్న ఇంటికి అది ఇంకా ఎంత మిగిలి ఉందో, ఎవరు కడతారో ఒప్పందంలోనే రాయించుకోవాలి.

సరస్సు వైపు దిగే పడమటి వాలు చూడడానికి మనోహరంగా ఉంటుంది, సాయంత్రపు ఎండ నీళ్ళమీద పడుతుంటే అక్కడి నుంచి కదలబుద్ధి కాదు. కానీ ఆ వాలులోనే కొండచరియలు జారే ప్రమాదం, మట్టి కోతకు గురయ్యే ప్రమాదం ఉన్నాయని గుర్తించిన ప్రాంతాలు ఉన్నాయి. కింగ్ కౌంటీ ఐమ్యాప్ అనే ఉచిత పటంలో ఆ స్థలం సంఖ్య కొడితే వాలులు, వాగులు, తడినేలలు పొరలు పొరలుగా కనిపిస్తాయి. ఈబ్రైట్ క్రీక్, లాఫింగ్ జేకబ్స్ క్రీక్ వంటి వాగులలోకి కోకనీ అనే చిన్న సాల్మన్ జాతి చేపలు గుడ్లు పెట్టడానికి సరస్సు నుంచి ఎదురెక్కి వస్తాయి. వాటి సంఖ్య బాగా తగ్గిపోయింది. వాగు పక్కన కొంత మేర కట్టడాలు కూడదన్న నిబంధన ఉన్నది ఇందుకే, దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే పెరట్లో వాగు ఉన్న ఇల్లు కొనేవారు అక్కడ అదనపు గది కట్టలేమన్న సంగతి తెలిసే కొనాలి. పెద్ద చెట్లను కూడా అనుమతి లేకుండా కొట్టకూడదు. దక్షిణాన ఇసాక్వా పరిసరాల గుండా సియాటిల్ ఫాల్ట్ అనే భూకంప రేఖ పోతుంది. మామూలు ఇంటి బీమాలో భూకంప నష్టం ఉండదు కనుక, దానికి విడిగా ఎంతవుతుందో ముందే కనుక్కోండి.

వాస్తు చూసుకునేవారికి చిన్న మాట. ఈ ప్రాంతంలో దిక్సూచి ముల్లు నిజమైన ఉత్తరానికి సుమారు 15 డిగ్రీలు తూర్పుగా చూపిస్తుంది. ఈ తేడా తెలియక మంచి ఇల్లు వదులుకున్నవారున్నారు. కౌంటీ స్థల పటం ముందు పెట్టుకుని దిక్కు చూడడమే మేలు.

సరస్సు ఎవరిది

సరస్సు ఒడ్డున ఉన్న ఊరు కదా, రోజూ నీటి దగ్గరికి వెళ్ళవచ్చని చాలామంది ఊహించుకుంటారు. నగరంలోని తీరంలో ఎక్కువ భాగం ప్రైవేటు ఇళ్ళది. నగరం పరిధిలో ప్రజలందరూ సమామిష్ సరస్సును చేరగల చోటు ముఖ్యంగా సమామిష్ ల్యాండింగ్ అనే చిన్న పార్కు. పడవ దింపాలంటే దక్షిణపు కొసన ఇసాక్వాలో ఉన్న స్టేట్ పార్కుకు వెళ్ళాలి. కొన్ని కాలనీలకు తీరాన తమ సొంత జాగా ఉంటుంది, కనుక హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) పత్రాల్లో ఆ హక్కు రాసి ఉందో లేదో చూడండి. పిల్లలున్న ఇంటికి మాత్రం మెట్ట మీదనే ఉన్న పైన్ లేక్, బీవర్ లేక్ పార్కులు పెద్ద సరస్సు కన్నా ఎక్కువ ఉపయోగపడతాయని నా అభిప్రాయం.

ఒకవేళ తీరం మీదనే కొనగలిగే స్తోమత ఉంటే, రెడ్మండ్ నుంచి ఇసాక్వా దాకా 11 మైళ్ళు సాగే ఈస్ట్ లేక్ సమామిష్ ట్రెయిల్ ఎక్కడ పోతుందో చూసుకోండి. అది 1880లలో వేసిన రైలుమార్గం పోయిన దారి. ఇంటికీ నీటికీ మధ్యనుంచో, ఇంటికీ రోడ్డుకూ మధ్యనుంచో పోయే ఈ పట్టీ గురించి తీరవాసులకూ కౌంటీకీ మధ్య ఏళ్ళ తరబడి కోర్టు వ్యాజ్యాలు నడిచాయి. అమ్మేవారి మెట్లు, కంచె, షెడ్డు ఆ పట్టీలోకి చొచ్చుకుపోయి ఉంటే ఆ తలనొప్పి మీకు సంక్రమిస్తుంది, కనుక సర్వే చేయించకుండా ఆఫర్ పెట్టవద్దు.

పన్ను, ఒప్పందం

ఇంటిపన్నును ఏప్రిల్ 30, అక్టోబర్ 31 తేదీలలోగా రెండు వాయిదాలుగా కట్టాలి. ఇంటి విలువ పెరిగిన మేరకు పన్ను పెరుగుతుందన్న భయం పూర్తిగా సరికాదు: వాషింగ్టన్ రాష్ట్రంలో స్థానిక సంస్థలు వసూలు చేయాల్సిన మొత్తాన్ని ముందు నిర్ణయించి, దాన్ని విలువల ప్రకారం పంచుతాయి, కాబట్టి అందరి విలువలూ ఒకేలా పెరిగితే మీ వాటా పెద్దగా మారదు. ఓటర్లు ఆమోదించే బడి లెవీలు (అదనపు పన్నులు), బాండ్లు (అప్పులు) మాత్రం పన్నును పెంచుతాయి, అవి ఉత్తర దక్షిణ జిల్లాలకు వేరువేరు. మన దగ్గర స్టాంపు డ్యూటీ కొనేవారి మీద పడుతుంది. ఇక్కడ ఆస్తి బదిలీ పన్ను మామూలుగా అమ్మేవారు కడతారు.

పోటీ ఎక్కువగా ఉన్న కాలంలో ఇన్‌స్పెక్షన్ షరతు (నిపుణుడి తనిఖీలో లోపాలు తేలితే తప్పుకునే వీలు) లేకుండా ఆఫర్ పెట్టమని ఒత్తిడి వస్తుంది. అలాంటప్పుడు ఆఫర్‌కు ముందే సొంత ఖర్చుతో ఇన్‌స్పెక్షన్ చేయించుకోండి. ముఖ్యంగా క్రాల్‌స్పేస్‌లో (ఇంటి నేల కింది ఖాళీలో) తడి, కప్పు మీద పాచి, మురుగు గొట్టంలో చెట్ల వేర్లు చూడమని చెప్పండి. అమ్మేవారు ఇంటి లోపాలను వెల్లడించే ఫారం 17 మీ చేతికి అందిన తరువాత, మీరు ఆ హక్కును వదులుకోకపోతే, మూడు పనిదినాలలోగా ఒప్పందం నుంచి తప్పుకోవచ్చు. ఆ పత్రం వచ్చిన రాత్రే ఇద్దరూ కూర్చుని ప్రతి పంక్తీ చదవండి.

తాళాలు చేతికి వచ్చాక మొదటి అక్టోబరులోనే చూరు కాలువల్లోని ఆకులు తీయించి, ఇంటి మీదికి వంగిన కొమ్మలను అర్బరిస్టుకు (చెట్ల నిపుణుడికి) చూపించండి. 2024 నవంబర్ 19 నాటి పెనుగాలికి దేవదారులు విరిగి తీగల మీద పడి, మెట్ట మీద చాలా ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. మా ఇంట్లో ఫ్రిజ్‌లోని పాలు, పెరుగు, పచ్చళ్ళు ఐస్‌పెట్టెల్లో సర్దుకుని గడిపాము. జనరేటరు కొంటే దాన్ని ఎలక్ట్రీషియన్ చేత ట్రాన్స్‌ఫర్ స్విచ్‌తో (బయటి కరెంటు, జనరేటరు కరెంటు కలవకుండా చూసే స్విచ్‌తో) కలిపించండి, గ్యారేజీలో మాత్రం ఎప్పుడూ నడపకండి. 2006 డిసెంబరు గాలివానలో ఈ కౌంటీలో ఇళ్ళ లోపల జనరేటర్లు, బొగ్గు కుంపట్లు వాడి కార్బన్ మోనాక్సైడ్ వల్ల ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. పడక గదుల బయట ఆ వాయువును పసిగట్టే అలారాలు పనిచేస్తున్నాయో లేదో చేరిన రోజునే నొక్కి చూసుకోండి.